‘ఏడో లైను’ రాసిందెవరు?

ఆ గదిలో కుర్చీలన్నీ బల్ల చుట్టూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం గుమ్మానికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి ఉంది. దాని కింద గచ్చు మీద నెత్తురు ఎండి నల్లబడింది.

బంగార్రాజు గుమ్మంలోనే ఆగి ఆ కుర్చీనే చూస్తున్నాడు. రైల్వే రక్షణ దళం ఆర్‌పీఎఫ్‌లో సగం జీవితం దొంగల వెంట తిరిగి రిటైరైన మనిషి. ఇప్పుడు బిలాస్‌పూర్‌లో సొంతంగా పరిశోధనలు చేస్తున్నాడు.

"నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి రమణమూర్తి గారు ఇక్కడే బోర్లా పడి ఉన్నారు బాబాయ్," అంది జ్యోతిర్మయి. "తల వెనక దెబ్బ. పక్కనే ఆ ఇత్తడి దీపపు కుంది. మత్‌లబ్... అంటే, పోయారనే అనుకున్నాను."

జ్యోతిర్మయి బడిలో పాఠాలు చెప్పే పిల్ల. ఆమె తండ్రి త్రినాథరావు ఈ రైల్వే కాలనీలోనే గుమాస్తాగా పనిచేస్తూ, జీతంలో మిగిలినదంతా పోసి ‘ఔటర్’ అనే తెలుగు పత్రిక నడిపాడు. స్టేషన్‌లోకి దారి దొరక్క బండ్లు ఆగిపోయే చోటు పేరే పత్రికకు పెట్టుకున్నాడు. పదకొండు సంచికలు తెచ్చాడు. డెబ్భై నాలుగు రైల్వే సమ్మెలో ఉద్యోగం పోయింది, పత్రికా ఆగింది, కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. పద్దెనిమిదేళ్ళ తరవాత కూతురు ఇల్లిల్లూ తిరిగి, అటకల మీదా ట్రంకు పెట్టెల్లోనూ వెతికి ఆ పాత సంచికలన్నీ పోగుచేసింది. ఉగాదికి అన్నీ కలిపి ఒకే పుస్తకంగా అచ్చు వెయ్యాలని పూనుకుంది. ఈ తెలుగు సంఘం గదిలోనే పని.

"సంచికలు పోయాయా?"

"ఒక్కటీ పోలేదు. బీరువా తెరిచే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. రమణమూర్తి గారి చేతిసంచీ మాత్రం తిరగేసి పడేశారు."

"మరి పోలీసులేటన్నారు?"

"తాగుబోతెవడో అన్నారు. రాసుకుని వెళ్ళిపోయారు. అందుకే మీకు కబురు పెట్టాను."

గది తాళం తెచ్చి ఇచ్చిన సీతారామయ్య గారు ఇంకా వరండాలోనే ఉన్నారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, రెండేళ్ళ కిందట నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాయన. ఈ పునర్ముద్రణ కమిటీకి అధ్యక్షుడు. తెల్లటి జుట్టు, మెత్తటి మాట.

"బంగార్రాజు గారూ, రమణమూర్తి వైద్యం సంగతి నేను చూసుకుంటాను. మీరు ఈ అమ్మాయిని మాత్రం ఒంటరిగా తిరగనివ్వకండి. వాళ్ళ నాన్న పత్రిక కోసం ఇంత కష్టపడుతోంది. ఆమెకేమైనా అయితే నాకు నిద్ర పట్టదు," అని, జ్యోతిర్మయి తల మీద చెయ్యి వేసి, కారెక్కి వెళ్ళిపోయారు.

బంగార్రాజు లోపలికి వచ్చి కిటికీ గట్టు మీదికి వంగాడు. అక్కడ ఒక దువ్వెన ఉంది. దాని పళ్ళలో రెండు తెల్ల వెంట్రుకలున్నాయి. పక్కన చిన్న అద్దం, మూత తెరిచిన పౌడరు డబ్బా.

"ఇవెవరివి?"

"నాకు తెలీదు బాబాయ్. మొన్న లేవు."

బంగార్రాజు వేలితో గట్టు మీది పౌడరు తుడిచి చూసుకున్నాడు.

"ఇంతకీ ఈ రమణమూర్తి గారికీ పత్రికకీ ఏటి సంబంధం? నేను కథలూ అవీ చదివే రకం కాదమ్మా. మొదట్నుంచీ చెప్పు."

‘ఔటర్’లో అందరూ ఎదురు చూసి చదివిన సీరియల్ ‘ఏడో లైను’. రాసినవారి పేరు ఉండేది కాదు, ‘కేబిన్‌మాన్’ అని మాత్రం ఉండేది. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చిన నీలవేణి అనే అమ్మాయిని ఒక ఆఫీసరు పెళ్ళి చేసుకుంటానని నమ్మిస్తాడు. ఒక ఉదయం ఆమె శవం యార్డులో ఏడో లైను మీద దొరుకుతుంది. బండి చూసుకోకుండా పట్టాలు దాటిందని అందరూ అనుకుంటారు. ముందు రోజు సాయంత్రం మాత్రం ఆ ఆఫీసరు ఒక్కడే ఓవర్‌బ్రిడ్జి మెట్లు దిగి వస్తుంటాడు. అతని మొహం మీద దీపం వెలుతురు పడుతుంది. సరిగ్గా అక్కడ పదకొండో సంచిక అయిపోయింది. పన్నెండోది రానేలేదు.

"ఇది కల్పితమేనా?"

జ్యోతిర్మయి గొంతు తగ్గించింది. "డెబ్భై మూడులో తనూజ అని ఒక టైపిస్టు అచ్చం ఇలాగే చనిపోయిందని అమ్మ చెప్పేది. కేబిన్‌మాన్ ఎవరో నాన్న ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది మేం సంచికలు వెతుకుతుంటే రమణమూర్తి గారు వచ్చి, ఆ రాసింది నేనే అన్నారు. నిజంగానే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసిన మనిషి కదా, అందరం నమ్మాం. దండలు వేశాం. ఆగిపోయిన చివరి అధ్యాయం కూడా ఈ పుస్తకంలో వస్తుందని ఊరంతా కాగితాలు పంచాం."

"ఆ ఆలోచన ఎవరిది?"

"కమిటీది," అందామె.

"సరే. ఆ కథలో కొంచెం చదువు."

ఆమె బీరువాలోంచి తొమ్మిదో సంచిక తీసింది. అంచులు పెళుసెక్కి రాలిపోతున్నాయి. పర్రున చిరిగిపోతుందేమోనన్న భయంతో పేజీ తిప్పి, చదవడం మొదలుపెట్టింది.

"‘ఆ గది అద్దం కింది మూల విరిగి ఉంది. బొట్టు దిద్దుకోవాలంటే ఎవరైనా కాస్త పక్కకు వంగాల్సిందే. నీలవేణి వంగింది. స్నానాల గది తలుపు వెనక మేకుకు ఎవరో పిల్లవాడి స్వెట్టరు మరిచిపోయారు. దాని వైపు చూసి నవ్వింది. బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పి, పారాణి ఆరని పాదాలు ఎత్తి పెట్టుకుంది...’"

"ఆగమ్మా. ఇది ఏ గది?"

"లేడీస్ వెయిటింగ్ రూమ్."

బంగార్రాజు మళ్ళీ ఆ కిటికీ వైపు తిరిగి చూశాడు.

"క్యా గురువుగారూ! రిటైరైనా విశ్రాంతి లేదా?"

గుమ్మంలో నూకరాజు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు బంగార్రాజు కింద పనిచేసిన కానిస్టేబులు. ఉద్యోగం మానేసి రాయపూర్‌లో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాడు. సఫారీ సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు, లోపలికి వచ్చినా తియ్యని నల్ల కళ్ళద్దాలు.

"నువ్వు ఇక్కడెందుకున్నావు?" అన్నాడు బంగార్రాజు.

"మీకన్నా ముందు నుంచీ ఈ కేసులో నేనున్నాను. కేబిన్‌మాన్ ఎవరో తేల్చమని ఒక పెద్దమనిషి నాకు పని అప్పగించాడు. సాహిత్యం అంటే ప్రాణమట. అసలు రచయితకి ఘనంగా సన్మానం చెయ్యాలట."

"రమణమూర్తి నేనేనంటున్నాడు కదా. ఇంకా తేల్చడమేటి?"

"ఆయనే అని నేనూ చెప్పాను. క్లయింటుకి నమ్మకం కుదరలేదు. గట్టిగా తేల్చమన్నాడు."

"ఎప్పుడు చెప్పావు?"

"నాలుగు రోజులైంది."

"నువ్వు చెప్పిన మూడు రోజులకి ఆ మనిషి తల పగిలింది. నీకేటీ అనిపించలేదా?"

నూకరాజు మొహంలో నవ్వు కొద్దిగా చెదిరింది. వెంటనే సర్దుకున్నాడు. "దానికీ దీనికీ ఏం సంబంధం? కొట్టినవాడు లోకో షెడ్డులో ఎవడో తాగుబోతు. పోలీసులే అన్నారు."

"తాగుబోతు కోసం ఎవరూ తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, వెలుతురుకి ఎదురుగా కూర్చోరు. ఫోటో కోసం కూర్చుంటారు." బంగార్రాజు దువ్వెన ఎత్తి చూపించాడు. "నీ క్లయింటు పేరు చెప్పు నూకరాజూ."

"చెప్పను. కబురిచ్చినవాడి పేరు బయటపెట్టొద్దని నేర్పింది మీరే."

"నేను నేర్పినవాటిలో అదొక్కటే గుర్తుందా నీకు?"

"మిగతావన్నీ పాతబడిపోయాయి గురువుగారూ." బ్రీఫ్‌కేసు చంకలో పెట్టుకుని నూకరాజు వెళ్ళిపోయాడు. చెప్పుల చప్పుడు రమణమూర్తి ఉన్న ఆస్పత్రి వైపే వెళ్ళింది.

* * *

రమణమూర్తి జనరల్ వార్డులో, తలుపుకి దగ్గరగా ఉన్న మంచం మీద ఉన్నాడు. తల చుట్టూ కట్టు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, చూడ్డానికి వచ్చేవాళ్ళు లేరు. మంచం పక్క బల్ల మీద బత్తాయిలూ యాపిళ్ళూ ఉన్న బుట్ట మాత్రం పెద్దది.

"సీతారామయ్య గారు పంపించినారు," అన్నాడు గర్వంగా. "రచయితలంటే ఆయనకి అంత గౌరవం."

బంగార్రాజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జ్యోతిర్మయి మంచం అవతల నిలబడింది.

"కొట్టిందెవరు రమణమూర్తి గారూ?"

"చూడలేదు బాబూ. దొంగెవడో."

"దొంగ వస్తాడని పౌడరు రాసుకున్నారా?"

ముసలాయన కళ్ళు దించేసుకున్నాడు. దుప్పటి అంచు నలుపుతూ చెప్పాడు. "పుస్తకంలో వెయ్యడానికి ఫోటో తీస్తామని కబురొచ్చింది. కెమెరా పట్టుకుని ఒక మనిషి వచ్చినాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, హిందీవాడు. కిటికీ వైపు మొహం పెట్టి కూర్చోమన్నాడు. కాలరు సరిచేస్తానని వెనక్కి వచ్చినాడు. ఆఖరి అధ్యాయం ఎక్కడుందని అడిగినాడు. నేను నవ్వి... ‘అదా, ఇక్కడుంది’ అని తల చూపించినాను."

"వాడు తల మీదే కొట్టాడు."

"అంతే బాబూ."

బంగార్రాజుకి నవ్వు రాలేదు. ఇంకోసారి వస్తే వాడు పని పూర్తిచేసి పోతాడు. ఈ మంచానికీ వీధికీ మధ్య ఒక ఊగే తలుపు తప్ప ఏమీ లేదు.

"వెయిటింగ్ రూములో అద్దం ఏ మూల విరిగిందండీ?"

"కింది మూల," అన్నాడు రమణమూర్తి చటుక్కున. "నేనే కదా రాసినాను."

"తలుపు వెనక మేకుకి ఏటి వేలాడుతోంది?"

"పిల్లవాడి స్వెట్టరు."

"మీరు స్వయంగా చూశారా?"

"చూడకపోతే ఎలా రాస్తాను?"

"లేడీస్ వెయిటింగ్ రూములోకి వెళ్ళి, స్నానాల గది తలుపు మూసి, దాని వెనక చూశారు. కేబిన్ డ్యూటీ వదిలేసి. ఆడవాళ్ళెవరూ మిమ్మల్ని ఏటీ అనలేదా?"

దుప్పటి నలిపే రమణమూర్తి వేళ్ళు ఆగిపోయాయి.

అప్పుడే తలుపు సందులో సఫారీ సూటు కనిపించింది. నూకరాజు వింటున్నాడు. వాణ్ణి బయటికి తరమాల్సింది. కానీ, పొద్దున ‘పాతబడిపోయాయి’ అన్న మాట బంగార్రాజుకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. వాడికి వినిపించాలనే గొంతు పెంచాడు.

"కేబిన్‌మాన్ మీరు కాదు. అసలు కేబిన్‌మాన్ మగవాడే కాదు. అది రాసింది ఒక ఆడమనిషి. అవునా?"

ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. "అమ్మా జ్యోతీ, నన్ను క్షమించమ్మా. ఇరవై ఏళ్ళు కేబిన్‌లో ఒంటరిగా లీవర్లు లాగిన వాణ్ణి. నా పేరు ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. రాసింది నేనేనని ఎవరూ చెప్పుకోవడం లేదు కదా అని... ఒక్క దండ కోసం."

జ్యోతిర్మయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అసలు మనిషెవరో మీకు తెలుసు," అన్నాడు బంగార్రాజు.

"సన్మానం అయి అందరూ వెళ్ళిపోయాక ఒకామె నా దగ్గరికి వచ్చింది. ‘ఆ పేరు నువ్వే ఉంచీసుకో అన్నయ్యా. నన్ను మాత్రం ఎప్పుడూ ఏటీ అడగొద్దు’ అంది. నేనామెని ఏటీ అడగలేదు బాబూ. అప్పుడే నాకు తెలిసిపోయింది."

"ఎవరామె?"

"కనకం. కుదుదండ్ బస్తీలో ఉంటోంది. రైలు గార్డు అమ్మన్న భార్య."

తలుపు ఊగింది. బంగార్రాజు తల తిప్పేసరికి సందులో ఎవరూ లేరు.

నూకరాజు ‘ఆయనే’ అని చెప్పిన మూడు రోజులకే కెమెరావాడు వచ్చాడు. ఇప్పుడు నూకరాజు ఇంకో పేరు మోసుకుని ఫోను దగ్గరికి పరిగెడుతున్నాడు. ఆ పేరు వాడి నోటికి అందించింది తనే. బంగార్రాజు వరండా చివరిదాకా పరిగెత్తి చూశాడు. సఫారీ సూటు ఎక్కడా లేదు.

"బాబాయ్," జ్యోతిర్మయి వెనకే వచ్చింది. మొహం పాలిపోయింది. "కనకం అత్తయ్య మా పక్క క్వార్టర్‌లోనే ఉండేది. నాకు అన్నం కలిపి పెట్టేది. ఆవిడా?"

"ఆటో పిలువు."

* * *

కనకం ఇల్లు రెండు గదులు. ముందు గదిలో పీట మీద కూర్చుని పెండలం దుంప తరుగుతోంది. యాభై దాటిన మనిషి, బలంగా ఉంది, చేతికి గాజులు లేవు. వచ్చిన వాళ్ళని చూసి కత్తిపీట పక్కకి జరిపింది.

"ఏటి జ్యోతీ, ఇంత ఎండలో పడి వచ్చినావు? ఈ బాబెవరు?"

"నా పేరు బంగార్రాజమ్మా. కేబిన్‌మాన్ కోసం వచ్చినాను."

"కేబిన్లన్నీ స్టేషనవతలున్నాయి బాబూ. ఇక్కడ ఈ దుంప తప్ప ఏటీ లేదు."

"రమణమూర్తి గారిని చంపబోయారు. మీరనుకుని."

కనకం లేచి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"ఆ పిచ్చోడికి చెప్పీలోపే దండేయించుకున్నాడు. పోనీలే, ఆ పేరు వాడికంటించీస్తే నా పీడ పోద్ది అనుకున్నాను. తప్పు నాదే."

"ఆ సాయంత్రం మీరేం చూశారు?"

"మా ఆయనకి కేరేజీ ఇవ్వడానికి స్టేషనుకెళ్ళినాను. బండి లేటు. లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. తనూజ అక్కడే ఉంది. పారాణి పెట్టుకుంది. ఆయన వస్తాడు అత్తా, ఈ రాత్రి బండికి ఎల్లిపోయి పెళ్ళి చేసీసుకుంటాం అంది. నాకెవరూ లేరు, నువ్వైనా దీవించు అంది." కనకం పీట మీద సర్దుకుని కూర్చుంది. "ఒకాయన గుమ్మం దగ్గరికి వచ్చి పిలిచినాడు. ఎల్లింది. కాసేపటికి నేను ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతుంటే వాడొక్కడే ఎదురొచ్చినాడు. మెట్ల మీద నాకు దారిచ్చి, ‘ముందు మీరు వెళ్ళండమ్మా’ అన్నాడు. అంత మెత్తగా. మర్నాడు ఏడో లైను మీద ఆ పిల్ల..."

"ఎవరికైనా చెప్పారా?"

"మా ఆయనకి చెప్పినాను. నోరు మూసుకో, మన ఉద్యోగం పోద్దన్నాడు. నోరు మూసుకున్నాను. చెయ్యి ఊరుకోలేదు. త్రినాథరావు బావకి రాసి ఇచ్చినాను. ఆడపేరుంటే మా ఆయన నన్ను చంపేస్తాడని బావే మగపేరు పెట్టినాడు."

"మరి చివరి అధ్యాయం?"

"రాయలేదు బాబూ. ఎప్పుడూ లేదది. వాడి పేరే నాకు తెలీదు. ఎక్కడినుంచో క్యాంపు మీద వచ్చినవాడు, ఆ వారమే ఎల్లిపోయినాడు. మొహం మాత్రం... ఇప్పటికి ఎన్నేళ్ళైనా, కళ్ళు మూసుకుంటే కనిపిస్తాడు."

బంగార్రాజు లేచి కిటికీలోంచి సందు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. అలా ఎవరూ లేకపోవడమే బాగాలేదు.

"జ్యోతీ, మూల మీద ఎస్టీడీ బూత్ ఉంది. పోలీస్ స్టేషన్‌కి ఫోను చేసి వెంటనే మనిషిని పంపమను. ఎక్కడా ఆగొద్దు."

ఆమె పరుగెత్తింది. బంగార్రాజు వెనక తలుపు గడియ చూసుకుని వచ్చాడు. కనకం కదలకుండా కూర్చుంది.

"కమిటీ మీటింగులకి మీరెప్పుడూ వెళ్ళలేదా అమ్మా?"

"సన్మానం రోజు వెళ్ళినాను. అంతా ఐపోయాక, రమణమూర్తి ఒక్కడూ ఉన్నప్పుడు. జనంలోకి వెళ్ళడం నాకు భయం."

ఎంతసేపైందో తెలీదు. ఆ చివర బూత్‌కి వెళ్ళి రావడానికి ఇంతసేపు పట్టదు. తనే వెళ్ళకుండా ఆ పిల్లని ఎందుకు పంపానా అని బంగార్రాజు రెండోసారి అనుకుంటూండగా ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైంది. జ్యోతిర్మయి గొంతు వినబడింది.

"బూత్‌లో లైను దొరకలేదు బాబాయ్. లక్కీగా సందు మొదట్లోనే వీళ్ళ కారు కనిపించింది. ఇక భయం లేదు," అంటూ ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక సీతారామయ్య గారు చెప్పులు విడుస్తున్నారు.

"జ్యోతీ, వెనక సీట్లో పళ్ళబుట్ట ఉంది, కాస్త తీసుకురామ్మా," అన్నారాయన. ఆమె వెనక్కి వెళ్ళింది. ఆయన చేతులు జోడించి లోపలికి అడుగుపెట్టారు. "నమస్కారం కనకమ్మ గారూ. ఇన్నేళ్ళకి అసలైన కేబిన్‌మాన్‌ని చూసే భాగ్యం కలిగింది."

బంగార్రాజు ఆయనకేసి చూశాడు. "మీకెవరు చెప్పారు?"

"జ్యోతి..."

"ఆ పిల్ల కారు దగ్గర మీకేటి చెప్పింది?"

సీతారామయ్య గారు గుమ్మం వైపు చూశారు.

"ఆ పిల్ల కనిపించకముందే మీ కారు ఈ సందులోకి వచ్చింది. నూకరాజు చెప్పాడు," అన్నాడు బంగార్రాజు. "వాడి క్లయింటు మీరే. చివరి అధ్యాయం వేస్తామని ఊరంతా చాటించిందీ మీరే. ఆ రోజు మిమ్మల్ని చూసిందెవరో ఇన్నేళ్ళుగా మీకు తెలీదు. పత్రిక బతికితే ఆ మనిషి బయటపడుతుందని కమిటీలో చేరారు."

"ఏమిటీ మాటలు? నేను రిటైరయ్యాకే ఈ ఊరు చూశాను." ఆయన గొంతు అలాగే మెత్తగా ఉంది. లోపలి గది గుమ్మం ముందునుంచి పక్కకి జరిగి, మంచినీళ్ళ కోసం లేచిన కనకానికి దారిచ్చారు. "ముందు మీరు వెళ్ళండమ్మా."

కనకం రాయిలా నిలబడిపోయింది. ఆయన జుట్టు, నుదురు, పెదవులు ఒక్కొక్కటే చూసింది.

"ఈడే బాబూ," అంది.

బయట కారు తలుపు పడింది. ఇంజను స్టార్టయింది. "అరే, ఆగు భయ్యా, నేను దిగలేదు!" అని జ్యోతిర్మయి అరుపు వినిపించి, కారు శబ్దంలో కలిసిపోయింది. బంగార్రాజు గుమ్మం దాకా దూకేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. డ్రైవరు తల ఒక్క క్షణం కనిపించింది. ముప్ఫై ఏళ్ళుంటాయి.

"కూర్చోండి బంగార్రాజు గారూ," అన్నారు సీతారామయ్య గారు కుర్చీలో కూర్చుంటూ. "ఊరి బయట కోనికి వెళ్ళే దారిలో మావాడు నాకోసం ఆగుతాడు. నేను నడుచుకుంటూ వెళ్ళి, అంతా బాగానే ఉందని చెబితే అమ్మాయి దిగి ఇంటికొస్తుంది. ఉగాదికి పుస్తకం కూడా వస్తుంది, పదకొండు సంచికలతోనే. కనకమ్మ గారు చివరి అధ్యాయం రాయరు. అంతకన్నా నేనేం అడగడం లేదు."

బంగార్రాజు పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఈ మనిషిని ఇక్కడే పడగొట్టడం ఎంతసేపు? కానీ కారులో ఉన్నది త్రినాథరావు కూతురు.

కనకం నెమ్మదిగా నడిచి వెళ్ళి వీధి తలుపు మూసింది. పై గడియ వేసింది, కింది గడియ వేసింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"రాయనులే బాబూ. ఇప్పుడు రాయవలసిన పనేటుంది? పేరు కూడా తెలిసిపోయింది, నోటితోనే చెప్తాను. మీవాడు నీ మాట కోసం కాసుకుని ఉంటాడన్నావు కదా. మరి నువ్విక్కడున్నంతసేపూ ఆ పిల్లని ఏటి చెయ్యాలో వాడికి చెప్పేవాడు లేడు." ఆమె తల తిప్పకుండానే అంది. "బంగార్రాజు బాబూ, నువ్వు వెనక గుమ్మంలోంచి ఎల్లు. కోని దారికి అడ్డదారిగా నది గట్టు మీంచి సైకిలు బాట ఉంది. పక్కింట్లో సైకిలుంది. ఈడిని నేను చూసుకుంటాను."

"మిమ్మల్ని ఒంటరిగా ఈయనతో వదిలిపెట్టనా?"

"అప్పుడు ఆ పిల్లని వదిలీసినాను," అంది కనకం. "ఇప్పుడు ఈ పిల్లని వదలను. ఎల్లు."

సీతారామయ్య గారు కుర్చీలోంచి లేచారు. మొహంలో మెత్తదనం లేదు. బంగార్రాజు వెనక గడియ లాగి పెరట్లోకి దూకేసరికి, లోపల కత్తిపీట గచ్చు మీద ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఎవరు లాగారో చూడ్డానికి వ్యవధి లేదు. అతను గోడ దూకి, సైకిలెక్కి, గట్టు వైపు తొక్కడం మొదలుపెట్టాడు.